ముందు కాళ్లకు కొను, చేపలకు తర్వాత

పాఠకుడి ప్రశ్న: "అన్నా, మాది కరీంనగర్. మిన్నెసోటాకు వచ్చి రెండేళ్లయింది, ప్లిమత్‌లో ఉంటున్నాం. మా టీంలో వాళ్లు జనవరిలో మిల్ ల్యాక్స్ సరస్సుకు ఐస్ ఫిషింగ్‌కు, అంటే గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం వేసి చేపలు పట్టడానికి, రమ్మంటున్నారు. చిన్నప్పుడు మానేరు ఒడ్డున గాలం వేశాను, అంతకుమించి అనుభవం లేదు. వీడియోలు చూస్తూ ఒక్కొక్కటే కార్ట్‌లో వేసుకుంటూ పోయాను. ఐస్‌కు రంధ్రం వేసే పెట్రోలు ఆగర్, నీళ్లలో చేపలను చూపే సోనార్, టెంట్, హీటర్, నాలుగు రాడ్లు కలిపి 1,900 డాలర్లు దాటింది. మా ఆవిడ చూసి 'ఈ డబ్బుతో ఇండియా వెళ్లి రావచ్చు, చేప కావాలంటే కొట్టులో కొనుక్కో' అంటోంది. ఏడేళ్ల పాప మాత్రం నేనూ వస్తానంటోంది. ఏది కొనాలి, ఏది వద్దు? బూట్లు ఉన్నాయి, మామూలు స్నో బూట్లు. ఐస్ పగులుతుందేమోనని లోపల టెన్షన్ కూడా ఉంది."

తమ్ముడూ,

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఆ కార్ట్ ఖాళీ చేయి. ఇంట్లో ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం సంగతి పాపను తీసుకెళ్లి వచ్చాక మీరే తేల్చుకోండి.

నేను ఈ రాష్ట్రానికి వచ్చిన మూడో చలికాలంలో నీలాగే మొదలుపెట్టాను. అప్పట్లో ఒక కొట్టువాడు సెకండ్ హ్యాండ్ పెట్రోలు ఆగర్ అంటగట్టాడు. పది అంగుళాల బ్లేడు, ఎత్తితే బియ్యం బస్తా ఎత్తినట్టుండేది. సరస్సు మీద మైనస్ పదిహేను ఫారెన్‌హీట్‌లో తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది కానీ ఇంజన్ స్టార్ట్ కాలేదు. పక్కనే ఎనభై ఏళ్ల పెద్దాయన చేతితో తిప్పే ఆగర్‌తో ఐదు నిమిషాల్లో మూడు రంధ్రాలు వేసి, ఒకటి నాకిచ్చి వెళ్లాడు. ఆ రోజు నా ఒంటి మీదున్న వాటిలో అన్నిటికన్నా చవకవి బూట్లే. రెండు గంటల్లో కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. చేపా పడలేదు. ఆ ఆగర్ ఇప్పటికీ మా గరాజ్‌లో ఉంది, దాని మీద పిల్లల సైకిల్ హెల్మెట్లు తగిలించుకుంటాం.

అందుకే నేను కొనుగోళ్లకు ఒక వరుస పెట్టుకున్నాను. మొదట నిన్ను నీళ్లలో పడకుండా చూసేవి, పడితే బయటికి తెచ్చేవి. తర్వాత కాళ్లు. తర్వాత రంధ్రం వేసేది. గాలం, ఎర అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా చవక. వీడియోల్లో ఇది తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే బూట్లు జారకుండా తగిలించే ఐస్ క్లీట్స్ గురించి పదిహేను నిమిషాల వీడియో ఎవరూ చూడరు.

నీ టెన్షన్ సంగతి. అది ఉండాలి, పోగొట్టుకోకు. మన భాషలో పొగమంచు, కొండమీది మంచు, గ్లాసులో వేసుకునే మంచుముక్క అన్నీ మంచే. సరస్సు మీద అలా కలిపేస్తే కుదరదు. కొత్తగా గడ్డకట్టిన, కింద నీళ్ల నలుపు కనిపించేంత స్వచ్ఛమైన ఐస్ ఒక రకం. పైన మంచు కురిసి, కరిగి, మళ్లీ గట్టిపడ్డ తెల్ల ఐస్ ఇంకో రకం. నడవడానికి స్వచ్ఛమైన ఐస్ కనీసం నాలుగు అంగుళాలు ఉండాలని ఇక్కడి సహజ వనరుల శాఖ, అంటే అందరూ డీఎన్‌ఆర్ అనే సంస్థ, చెబుతుంది. తెల్లదైతే దానికి రెట్టింపు కావాలి. బెత్తెడు మందం చాలదన్నమాట, జానెడుంటే నేను కాస్త నిశ్చింతగా నడుస్తాను. నడిచే మందం వేరు, కారు పోయే మందం వేరు. నీ మొదటి ఏడు కారు ఒడ్డునే ఆపు, ఎవరు ఏం చెప్పినా సరే.

ఒకచోట పది అంగుళాలుంటే యాభై అడుగుల దూరంలో మూడే ఉండొచ్చు. కాలువ కలిసేచోట, వంతెన కింద, ఊట ఉన్నచోట, చేపల కోసం గాలి పంపే ఏరేటర్లున్న సరస్సుల్లో ఐస్ పల్చగా ఉంటుంది. అందుకే స్పడ్ బార్ కొనాలి. మన గునపం లాంటిదే, కొస మాత్రం ఉలిలా ఉంటుంది. యాభై డాలర్ల లోపే దొరుకుతుంది. నాలుగడుగులకోసారి ముందు దానితో గట్టిగా రెండు పోట్లు పొడిచి అప్పుడు కాలు వేయాలి. ఒకటి రెండు పోట్లకే నీళ్లొస్తే వచ్చిన దారినే వెనక్కి. మధ్యమధ్య ఆగర్‌తో రంధ్రం వేసి టేపు పెట్టి కొలిస్తే ఇంకా మంచిది.

అనుభవజ్ఞులకు ఇవన్నీ అక్కర్లేదనుకోకు. ఉత్తరాన అప్పర్ రెడ్ లేక్‌లో 2022 నవంబరు చివర్లో ఐస్ పలక ఒడ్డు నుంచి విడిపోయి రెండొందల మంది దాకా నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. మరుసటి ఏడు డిసెంబరు చివర్లో అదే సరస్సులో మళ్లీ వందమందికి పైగా. అందరినీ క్షేమంగా తెచ్చారు. సీజను మొదట్లో పెద్ద సరస్సు, దాని మీద గాలి కలిస్తే ఇలా అవుతుంది. మిల్ ల్యాక్స్ కూడా చిన్నదేం కాదు, లక్షా ముప్పై వేల ఎకరాలు. మీవాళ్లు జనవరి అన్నారు కాబట్టి ప్రమాదం కాస్త తక్కువ, కానీ బయల్దేరే రోజు పొద్దున ఆ ఒడ్డున ఉన్న ఏదో ఒక బెయిట్ షాపుకు, అంటే ఎర అమ్మే కొట్టుకు, ఫోన్ చేసి ఐస్ ఎలా ఉందని అడుగు. సంకోచించకు, ఆ ప్రశ్న వాళ్లకు రోజూ వచ్చేదే.

స్పడ్ బార్ తర్వాత కొనాల్సింది ఐస్ పిక్స్. రెండు పిడులు, ఒక్కోదానికి మేకు లాంటి మొన, రెంటినీ కలిపే తాడు, పది డాలర్లు. మెడలో దండలా వేసుకోవాలి, సంచిలో పెట్టుకుంటే అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తడి చేతులతో ఐస్ అంచు పట్టుకుని పైకి రావడం కుదరదు, జారిపోతావు. వీటిని గుచ్చి, కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తూ, వచ్చిన వైపుకే పాక్కుంటూ ఎక్కి, ఎక్కాక లేవకుండా దొర్లుకుంటూ దూరం వెళ్లాలి. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీళ్ల మీద పరిశోధన చేసే గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఒకటుంది, గుర్తుంచుకోవడం తేలిక: ఒకటి, పది, ఒకటి. పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు చెప్పినట్టు వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు గంట. జనం అనుకున్నట్టు పడగానే గడ్డకట్టి చావరు. చాలామంది కంగారుపడి మొదటి నిమిషంలో నీళ్లు పీల్చి పోతారు. అందుకే లైఫ్ జాకెట్. వేసవిలో పడవ మీద వేసుకునేదే, కోటు మీద తొడుక్కుంటే సరిపోతుంది. పాపకు అది లేకుండా సరస్సు మీద అడుగు పెట్టనివ్వకు. నువ్వు వేసుకుంటేనే పాప గొడవ చేయకుండా వేసుకుంటుంది.

బూట్లకు రబ్బరు పట్టీతో తగిలించే ఐస్ క్లీట్స్ పాతిక డాలర్లు. నీళ్లలో పడినవాళ్ల కన్నా జారి వెల్లకిలా పడి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

ఇక కాళ్లు. నీ స్నో బూట్లు డ్రైవ్‌వేలో మంచు తోయడానికి బాగుంటాయి. అక్కడ ఇరవై నిమిషాలు కదులుతూ ఉంటావు. ఇక్కడ నాలుగు గంటలు ఐస్ గడ్డ మీద కదలకుండా కూర్చోవాలి, వేడంతా అరికాళ్ల నుంచి కిందికి దిగిపోతుంది. లోపలి లైనర్ విడిగా ఊడొచ్చే బూట్లు తీసుకో, నీ సైజు కన్నా ఒకటి పెద్దవి. నూట యాభై డాలర్లు పెట్టు, ఇక్కడ లోభించకు. రెండు జతల సాక్స్ బిగించి తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఉన్నివి ఒక్క జత, కాటన్ వద్దే వద్దు. ఇంకో చిట్కా. కార్లో హీటర్ వేసుకుని గంటన్నర వెళ్తావు కదా, ఆ దారిలోనే పాదాలకు చెమట పడుతుంది. సరస్సు దగ్గర దిగేముందు సాక్స్ మార్చుకో. కాళ్ల కింద పరుచుకోవడానికి ఇంట్లో మూలపడ్డ యోగా మ్యాట్ ఉండే ఉంటుంది, రెండు మడతలు వేసి పట్టుకుపో.

మిగతా బట్టలు నీ దగ్గర ఉన్నవే చాలు. మిన్నెసోటాలో రెండు చలికాలాలు గడిపినవాడి దగ్గర మంచి కోటు లేకపోదు. స్నో ప్యాంటు, ఒంటికి అంటుకునే ఉన్ని లేదా సింథటిక్ లోదుస్తులు, వేళ్లన్నీ ఒకచోట ఉండే మిట్టెన్స్. చేప పట్టాక చేయి తడుస్తుంది, చిన్న తువ్వాలు మర్చిపోకు. తిండి కూడా ఆలోచించి తీసుకెళ్లు. మా ఆవిడ ఒకసారి పెరుగన్నం కట్టి ఇచ్చింది, మధ్యాహ్నానికి అది కూడా సరస్సు లాగే అయింది. ఫ్లాస్కులో చారు పోసుకు వెళ్తే అక్కడ అమృతం.

ఇప్పుడు రంధ్రం. కొత్తవాళ్లు అందరూ పెద్ద బ్లేడు మంచిదనుకుంటారు. చిన్న లెక్క చూడు. ఆరంగుళాల రంధ్రంతో పోలిస్తే ఎనిమిదంగుళాల రంధ్రానికి దాదాపు ఒకటిన్నర నుంచి రెండింతల ఐస్ కోయాలి. పదంగుళాలదైతే మూడింతలకు దగ్గర. నువ్వు మొదట పట్టబోయేవి బ్లూగిల్, క్రాపీ లాంటి అరచేయి పట్టేంత చేపలు. వాటికి ఆరంగుళాలు ధారాళం. ఎనభై డాలర్ల లోపు ఆరంగుళాల చేతి ఆగర్ దొరుకుతుంది. అడుగు మందం ఐస్‌ను ఒకటి రెండు నిమిషాల్లో దించేస్తుంది, ఒంటికి వేడి పుడుతుంది కూడా. బలంతో నొక్కకు, బరువు వేసి తిప్పు, బ్లేడే లాక్కుంటుంది. దాన్ని ఇసుకలో, తారురోడ్డు మీద పెట్టకు. పని అవగానే తొడుగు వేయి, ఆ బ్లేడు మన కత్తిపీట కన్నా పదును.

నీ దగ్గర మంచి 18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రిల్ మెషీన్ ఉంటే దానికి తగిలించే ఆగర్ బిట్ కొనడం రెండో దారి. ఈమధ్య చాలామంది అదే వాడుతున్నారు. మామూలుగా గోడకు చిన్న రంధ్రాలు వేసుకునే డ్రిల్ పనికిరాదు, కాలిపోతుంది. పక్క హ్యాండిల్ లేకుండా వాడకు, బ్లేడు ఇరుక్కున్నప్పుడు మెషీన్ తిరిగి మణికట్టును మెలిపెడుతుంది. డ్రిల్‌కు, బిట్‌కు మధ్య ఒక వెడల్పాటి ప్లాస్టిక్ పలక వేసుకోవాలి. లేదంటే బిట్ ఊడి రంధ్రంలోంచి నేరుగా అడుక్కి పోతుంది. బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి, చలికి దాని ప్రాణం సగమైపోతుంది. పెట్రోలు ఆగర్ ఊసు వద్దు. పైన చెప్పాను కదా, హెల్మెట్లు తగిలించుకోవడానికి ఇంకా చవకైనవి ఉన్నాయి.

రంధ్రంలో తేలే ఐస్ పొడి తీయడానికి స్కిమ్మర్ అని ఐదు డాలర్లకు అమ్ముతారు. అది మన జల్లిగరిటే. ఇంట్లో పాతది ఉంటే పట్టుకెళ్లు, కానీ ఆవిడకు చెప్పి పట్టుకెళ్లు.

గాలం సంగతికి వస్తే నాలుగు రాడ్లు దేనికి? ఇక్కడ ఐస్ మీద ఒక మనిషికి రెండు గాలాలే అనుమతి. రెండడుగుల పైచిలుకు ఉండే పొట్టి అల్ట్రాలైట్ రాడ్లు, రీలుతో సహా వచ్చేవి, ఒక్కోటి ముప్పై డాలర్లు. నీకొకటి, పాపకొకటి. వాటి మీద నాలుగు పౌండ్ల బరువు ఆగే లైను (గాలం దారం) సరిపోతుంది. చలికి చేపలు మందగిస్తాయి. నీళ్లు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువు కాబట్టి ఆ నీళ్లు అడుగున చేరతాయి, చాలా చేపలు ఆ దగ్గర్లోనే నెమ్మదిగా తిరుగుతుంటాయి. మానేరులో బెండు గబుక్కున మునిగేది కదా, ఇక్కడ అలా ఉండదు. నోటితో ఇలా పీల్చి అలా ఊసేస్తాయి. లావు లైను, బరువు బెండు అయితే నీకు తెలియనే తెలియదు. అందుకే రాడ్ చివర సన్నటి స్ప్రింగ్ పెడతారు, అది వణికితే చేప. ఒక్కోసారి చేప ఎరను పట్టుకుని పైకి లేస్తుంది, అప్పుడు వంగి ఉన్న స్ప్రింగ్ నిటారవుతుంది. అదీ కాటే. మొదటి రోజు నేను అలాంటివి కనీసం పది వదిలేసి ఉంటాను.

జిగ్స్ అంటే బఠాణీ గింజంత లోహపు గుండుకు అతికిన గాలం. సీసానివి కాక టంగ్‌స్టన్‌వి తీసుకో, కాస్త ఖరీదే అయినా చిన్న సైజులో ఎక్కువ బరువుంటుంది, త్వరగా దిగుతుంది. ఐదారు చాలు. రంగుల పెట్టె నిండా కొనిపించాలని చూస్తారు. అవి చేపల కన్నా మనుషులను పట్టడానికి చేసినవని నా అనుమానం. ఎరకు వ్యాక్స్ వర్మ్స్, అంటే తెల్లటి లావుపాటి పురుగులు, బెయిట్ షాపులో రంపపు పొట్టు వేసిన చిన్న డబ్బాలో ఇస్తారు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కానీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. మా ఇంట్లో అది కొబ్బరి తురుము అనుకుని మూత తీసిన రోజు నేను రాత్రి హోటల్ భోజనమే తిన్నాను. బతికున్న చిన్న చేపలను ఎరగా తీసుకుంటే మాత్రం తిరిగొచ్చేటప్పుడు సరస్సు నీళ్లు డబ్బాలో ఉండకూడదు, అక్కడే పారబోయాలి. మిగిలిన ఎరను సరస్సులో వదలకూడదు, చెత్తబుట్టలో వేయాలి. రెండూ ఇక్కడ చట్టం.

సోనార్. నిజం చెబితే, నీ కార్ట్‌లో ఉన్న ఆట సామాన్లలో ఏదో ఒక రోజు నిజంగా కొనదగ్గది ఇదొక్కటే. గుండ్రటి తెర మీద రంగు గీతల్లో అడుగు ఎక్కడుందో, నీ జిగ్ ఎక్కడుందో, చేప ఎప్పుడు దగ్గరికొచ్చిందో కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు ఫ్లాషర్ అంటారు. వెక్సిలార్ అనే కంపెనీవి ఈ రాష్ట్రంలో తరాలుగా వాడుతున్నారు. కానీ మంచిది మూడొందల డాలర్ల పైమాటే, పైకి వెళ్తే వెయ్యి. ఈ ఏడు వద్దు. దాని బదులు రెండు డాలర్లకు క్లిప్పుతో ఉండే సీసం గుండు కొను. గాలానికి తగిలించి వదిలితే అడుగు తగిలి లైను సడలుతుంది. అక్కడ లైనుకు గుర్తు పెట్టుకుని అడుగు నుంచి ఒకటి రెండడుగులు పైకి ఉంచు. బ్లూగిల్స్ ఎక్కువగా అక్కడే ఉంటాయి. క్రాపీలు ఇంకాస్త పైన తిరుగుతాయి, ముఖ్యంగా పొద్దు వాలేటప్పుడు. అరగంటలో ఏమీ రాకపోతే ఇంకో రంధ్రం. చేప నీ దగ్గరికి రాదు, నువ్వే వెతుక్కుంటూ పోవాలి. ఈ పద్ధతిని మిన్నెసోటాకే చెందిన డేవ్ జెంజ్ 1980ల్లో అందరికీ అలవాటు చేశాడు. స్లెడ్ మీద మడిచి లాక్కెళ్లే టెంట్‌కు ఆద్యుడూ ఆయనే. అంతకుముందు చెక్క గుడిసెలో కూర్చుని చేప వస్తుందేమో అని ఎదురుచూడటమే.

టెంట్, హీటర్ కొనొద్దు. మీవాళ్ల దగ్గర ఉంటాయి, లేకపోతే మిల్ ల్యాక్స్ చుట్టూ రిసార్టులు రోజు అద్దెకు ఐస్ మీద గుడిసెలిస్తాయి, రంధ్రాలు కూడా వేసే ఉంచుతారు. పాపతో వెళ్లే మొదటిసారికి అదే సుఖం. కొన్న టెంట్ వాడటానికీ కొంత అనుభవం కావాలి. నాది మేకులు దిగ్గొట్టకముందే గాలికి లేచి సరస్సు సగం దాటింది. వెనకాల నేను పరిగెడుతుంటే చుట్టుపక్కల గుడిసెల్లోవాళ్లు బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. టెంట్‌లో ప్రొపేన్ హీటర్ వెలిగించినప్పుడు పైనా కిందా గాలి ఆడేలా తెరిచి ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. ఎవరి టెంట్ అయినా సరే, ఆ అలారం లేదంటే పాపతో లోపల కూర్చోకు. మొహమాటపడే విషయం కాదిది.

మొత్తం వేసుకుంటే బూట్లు, క్లీట్స్, పిక్స్, స్పడ్ బార్, ఆగర్, రెండు రాడ్లు, జిగ్స్, ఎర, కూర్చోవడానికీ చేపలు వేసుకోవడానికీ ఐదు గ్యాలన్ల బకెట్, సామాను లాగడానికి ప్లాస్టిక్ స్లెడ్. 450 డాలర్ల దగ్గర తేలుతుంది. పాపకు లైఫ్ జాకెట్ లేకపోతే ఇంకో ముప్పై. ఆగర్, స్పడ్ బార్ మీవాళ్లు తెస్తామంటే 320 దగ్గరికి దిగుతుంది.

పట్టినవి ఏం చేసుకోవాలో నువ్వు అడగలేదు కానీ, కరీంనగర్ వాడివి కాబట్టి చెబుతున్నా. క్రాపీ, బ్లూగిల్ కండ మరీ మెత్తన, పులుసులో చెదిరిపోతాయి. పసుపు, కారం, ఉప్పు పట్టించి వేపుడే. పులుసుకు నార్తర్న్ పైక్ అనే పెద్ద చేప పడితే చూడు, ముళ్లు ఎక్కువ గానీ మనకు ముళ్లు కొత్తా? ఎన్ని ఇంటికి తెచ్చుకోవచ్చో ఒక్కో సరస్సుకు ఒక్కోలా ఉంటుంది, వెళ్లేముందు డీఎన్‌ఆర్ నిబంధనల పుస్తకంలో ఆ సరస్సు పేరు వెతుక్కో.

చివరిగా చేపలు పట్టడానికి కావాల్సిన లైసెన్స్. అది ఏ తేదీ దాకా చెల్లుతుందో కొనేముందు చూసుకో. పదహారేళ్ల లోపు పిల్లలకు అసలు అక్కర్లేదు. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చే శని, ఆది, సోమవారాల్లో పదిహేనేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలను వెంట తీసుకెళ్లే మిన్నెసోటావాసులకు కూడా లైసెన్స్ మినహాయింపు ఉంటుంది. మీ టీంతో మిల్ ల్యాక్స్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ మూడు రోజుల్లో ఒక మధ్యాహ్నం, ప్లిమత్‌లోనే ఉన్న మెడిసిన్ లేక్ మీద, అప్పటికే పదిమంది కూర్చున్న చోటు చూసుకుని, ఐస్ కొలిచి, ఇంటికి పది నిమిషాల దూరంలో పాపతో రెండు గంటలు గడిపి రా. చలేస్తోందని పాప అనగానే లేచి వచ్చేయి, స్ప్రింగ్ వణుకుతున్నా సరే.